ముడి విప్పిన చెయ్యి

తెరచాప పడవకు ఇంజనెందుకని ఎవరైనా అడిగితే మేస్త్రి నవ్వేవాడు. "గాలి కొత్త అల్లుడిలాంటిదండీ. బుద్ధి పుడితే వస్తుంది, లేకపోతే అలుగుతుంది. ఒడ్డు చేరాలంటే ఇంజనే దిక్కు" అనేవాడు. రేవు పక్కనున్న పడవల యార్డులో ఇరవై రెండేళ్ళు ఆయనది ఇంజన్లు బాగుచేసే పని. వేళ్ళ గీతల్లో నల్లటి ఆయిల్ మరక ఎప్పుడూ ఉండేది. పెళ్ళి మాటలకు వచ్చిన రోజున కూడా ఉంది. చేతులైనా కడుక్కోలేదేమోనని అత్తగారు గొణిగితే, "కడుక్కునే వచ్చానండి, ఇక ఇంతే" అని నెమ్మదిగా చెప్పాడు.

ఆయన భార్య నాలుగో తరగతితో చదువు ఆపేసిన మనిషి. అయినా పడవ అడుగున ఏముంటుందో ఆ వీధిలో ఆమెకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. భోజనం దగ్గర ఆయన రోజూ చెప్పేవాడు, ఆమె వడ్డిస్తూ వినేది. పడవ కడుపులో ఇంజను ఉంటుంది. దాన్నుంచి ఒక లోహపు కాలు పడవ అడుగుగుండా నీళ్ళలోకి దిగుతుంది. కాలి చివర పంకా. కాలి లోపల గేర్లు ఆయిల్లో మునిగి తిరుగుతాయి. ఆ ఆయిల్‌ని తీసి చూసినప్పుడు పాలు పోసిన టీ రంగులో ఉందంటే ఎక్కడో రబ్బరు సీలు పోయినట్టే, నీళ్ళు దూరినట్టే. కాలి పక్కన ఒక జింకు ముక్క బిగిస్తారు. సముద్రపు నీరు ముందు దాన్ని తినేసి కాలిని వదిలేస్తుందట.

"మీ తమ్ముడొచ్చినప్పుడు నువ్వు బిస్కెట్ల డబ్బా ముందు పెట్టి మిగతావన్నీ దాచేస్తావు చూడు, అలాగన్నమాట" అనేవాడు.

"మా తమ్ముడి తిండి మీదే ఉంటుంది మీ కన్ను."

"కన్నేగా, చెయ్యి పెట్టనిస్తాడా వాడు?"

ఆ తమ్ముడికి ఒక తెరచాప పడవ ఉండేది. జనాన్ని సముద్రం మీద షికారు తిప్పి తెచ్చేవాడు. నోరు మంచిది, కాలు నిలవదు. బావ చేత తప్ప ఎవరి చేతా ఇంజను ముట్టించేవాడు కాదు.

పనిలో మేస్త్రికి కొన్ని పట్టింపులుండేవి. పంకా మీద చెయ్యి వేసేముందు ఇంజను తాళం తీసి తన జేబులో వేసుకునేవాడు. ఆయిల్ పోశామని ఎవరు చెప్పినా నమ్మడు, పుల్ల ముంచి తన కళ్ళతో చూసుకోవాల్సిందే. అన్నిటికన్నా పెద్ద పట్టింపు గుడ్డ. పని పూర్తికాని పడవలో గేరు పిడికి ఎర్ర గుడ్డ కట్టేవాడు. కట్టిన చెయ్యే విప్పాలి. గుడ్డ ఉన్నంతవరకు క్రేను ఆ పడవను నీళ్ళలోకి దించదు. యార్డు పెద్దాయన చెప్పినా సరే, దించదు. ఆయన్ని చూసి మిగతా మేస్త్రీలూ అదే అలవాటు చేసుకున్నారు. ఆ గుడ్డలు చింపి ఇచ్చేది ఆమే, తన పాత చీరల్లోంచి.

ఒక వేసవిలో తమ్ముడి పడవను ఒడ్డుకెత్తారు. మేస్త్రి కాలి అడుగునున్న మర విప్పి ఆయిలంతా తీస్తే అది పాలు పోసిన టీలా వచ్చింది. సీలు మార్చాలి. కొత్త సీలు రావడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆయిల్ పోయకుండానే, ఇసుక దూరకుండా మర మాత్రం తిరిగి బిగించి, గుడ్డ కట్టి ఇంటికొచ్చాడు. రాత్రికే ఒళ్ళు కాలిపోయే జ్వరం. మర్నాటి మధ్యాహ్నానికి మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. అప్పుడొచ్చాడు తమ్ముడు.

"అక్కా, పని అయిపోయిందే. నేను చూశాను, మర కూడా బిగించి ఉంది. బావ జ్వరం తొందరలో గుడ్డ విప్పడం మరిచిపోయాడు. షికారుకొచ్చిన ముగ్గురు ఒడ్డున నిలబడి ఉన్నారు, ఇప్పుడు కాదంటే వేరే పడవకి పోతారు."

"లేపి అడగనీరా."

"ఇప్పుడే కదా కాస్త నిద్రపట్టింది. నేను విప్పితే బాగుండదు. నువ్వు విప్పితే ఆయన విప్పినట్టే. గుడ్డ నీ చీరదే కదే" అని నవ్వాడు.

ఆమె గదిలోకి తొంగి చూసింది. రాత్రంతా జ్వరంతో మూలిగాక ఇప్పుడే ఆ ముఖం కాస్త తేటపడినట్టు కనబడింది. లేపడానికి మనసొప్పలేదు. ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ ఒక్క మాటను ఆమె తర్వాత పదకొండేళ్ళు లోలోపల అడుగుతూనే ఉంది.

భోజనాల వేళ కావడంతో యార్డులో ఎవరూ లేరు. ఆమె నిచ్చెన ఎక్కి, ముడి విప్పి, గుడ్డను కొంగులో దోపుకుని ఇంటికొచ్చేసింది. తిరిగొచ్చిన క్రేనువాడు గుడ్డ లేదని చూసి పడవను దించాడు.

వెళ్ళేటప్పుడు ఇంజను పది నిమిషాలు తిరిగింది. తర్వాత తెరచాప. తిరిగొచ్చేటప్పుడు రేవు గోడ దగ్గర గాలి పడిపోయింది. తమ్ముడు ఇంజను వేశాడు. ఆయిల్ లేని గేర్లు కాసేపు అరిచి పట్టేశాయి. అల పడవను రాళ్ళ మీదికి తోసింది. ఎక్కినవాళ్ళు ఈదుకుంటూ బయటపడ్డారు. పడవ గుద్దుకోకుండా ఆపుదామని తమ్ముడు చెయ్యి అడ్డం పెట్టాడు. పడవ బరువు చేతితో ఆగేది కాదు. కుడిచెయ్యి మణికట్టు దాకా నలిగిపోయింది.

మర్నాడు యార్డు పెద్దాయన ఇంటికొచ్చాడు. మేస్త్రి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె వంటింటి గడపలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడింది. అప్పటికే భర్తకు అంతా చెప్పేసింది.

"నువ్వే విప్పావా?" అని అడిగాడు పెద్దాయన.

మేస్త్రి భార్య వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "నేనేనండి. జ్వరంలో మతి లేక వచ్చి విప్పేశాను."

"సరిగ్గా ఆలోచించి చెప్పు."

"నేనే విప్పాను."

ఆమె గ్లాసు పెద్దాయన చేతికిచ్చి మళ్ళీ గడపలోకి వచ్చి నిలబడింది. పెద్దాయన వెళ్ళాక ఏడ్చింది. "ఎందుకలా అన్నారు?"

"వాడి చెయ్యి పోయింది, పేరు కూడా పోవాలా? పైగా యార్డంతా నిన్ను వేలెత్తి చూపిస్తే నేను చూడలేను. కొన్నాళ్ళు పోనీ, నేనే చెబుతాను."

ఆ కొన్నాళ్ళు పోతూనే ఉన్నాయి. యార్డులో ఆయనకు మళ్ళీ పని ఇవ్వలేదు. గుడ్డ సంగతి తెలిసిన మనిషే గుడ్డ విప్పాక ఇక ఎవరిని నమ్మాలి అన్నారు. నీళ్ళ మోటార్లు బాగుచేసే కొట్టులో కుదిరాడు. అక్కడా ఫ్యూజు పీకి జేబులో పెట్టుకునే పనిలోకి దిగేవాడు. సెలవు రోజుల్లో రేవు గోడ మీద కూర్చుని దూరాన పోయే పడవల చప్పుడు వినేవాడు. "ఆ మూడోది ఆయిల్ అడుగుతోంది" అనేవాడు. వెళ్ళి చెప్పండి అని ఆమె అంటే, "నా మాట ఎవడు వింటాడే" అని లేచేవాడు. తమ్ముడు ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. వచ్చినప్పుడల్లా బావ కళ్ళలోకి చూడకుండా మాట్లాడి వెళ్ళేవాడు. ఆ సంగతి ముగ్గురిలో ఎవరూ ఎత్తలేదు.

పోయిన వానాకాలంలో మేస్త్రి కొట్టులోనే కుర్చీలో ఒరిగిపోయాడు. చివరి చూపుకి యార్డు నుంచి ఒక్కరూ రాలేదు. ఆమెకు మిగతా దుఃఖమంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

నెల తిరిగాక తమ్ముడితో చెప్పింది. "నేను వెళ్ళి చెప్పేస్తున్నానురా."

"ఇప్పుడెందుకక్కా? బావే లేడు."

"పేరు ఉంది కదా, ఇంకా అలాగే."

తమ్ముడు నలిగిన చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "నేనడిగానని కూడా చెప్పు" అన్నాడు చివరికి.

యార్డు పెద్దాయన నిజంగానే ముసలివాడయ్యాడు. చెవి కాస్త మందగించినా గేటు పక్క గదిలోనే కూర్చుంటున్నాడు. ఆమె చెప్పిందంతా తల వంచుకుని విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"రెండుసార్లు అడిగానమ్మా ఆయన్ని. నువ్వు గడపలోనే ఉన్నావు."

"ఉన్నానండి."

"పని తెలియని ఆడమనిషి పొరపాటున విప్పిందంటే నేనేం చేసేవాణ్ణి? నాలుగు కేకలేసి మర్నాడే రమ్మనేవాణ్ణి. అంత పనివాడు నాకు మళ్ళీ దొరకలేదు. అప్పుడే ఒక్క మాట అనకపోయావా తల్లీ."

ఆమె ఇన్నాళ్ళూ నిజం చెబితే అందరూ మునిగిపోతామనుకుంది. అది ఒక రోజు కేకలతో పోయేదట.

పెద్దాయన కర్ర పట్టుకుని లేచాడు. "రా. నాకొక్కడికి చెబితే చాలదు. ఆయనతో పనిచేసినవాళ్ళు నలుగురున్నారింకా."

షెడ్డులో రంపం తిరుగుతోంది. పెద్దాయన చెయ్యి ఎత్తితే ఒకరొకరే పని ఆపి వచ్చారు. ఆమె కొంగు భుజం నిండా కప్పుకుని, నేల చూస్తూ చెప్పింది. రంపం ఇంకా పూర్తిగా ఆగలేదు. వెనకనున్న క్రేనువాడు ముందుకు వంగాడు.

"ఏమన్నారు పిన్నిగారూ? వినబడలేదు."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. "మా ఆయన కాదు బాబూ" అంది ఇంకాస్త గట్టిగా. "ఆ రోజు ముడి విప్పింది నేను."