బొట్టు పెట్టి పిలిచిన బస్సు

ఆ రోజుల్లో మాకు గడియారం లేదు, కరెంటు లేదు, మా ఊరి పేరు చెబితే పట్నంలో గుర్తుపట్టేవాడూ లేడు. కానీ అమెరికాలో ఓట్లు ఎట్లా అడుగుతారో మాత్రం మా వాడకట్టు ఆడవాళ్ళందరికీ తెలుసు. ఈ మాట అంటే నా మనవరాలు నవ్వుతుంది. మాదాపూర్‌లో అద్దాల మేడలో కూర్చుని అమెరికావాళ్ళకు పని చేసిపెట్టే పిల్ల అది. మొన్న టీవీలో ఆ దేశం ఎన్నికలు చూపిస్తుంటే, "నానమ్మా, వాళ్ళకు రెండు పెద్ద పార్టీలుంటయి" అని నాకు పాఠం మొదలుపెట్టింది. "ఒకటి ఏనుగు, ఒకటి గాడిద. నువ్వు పుట్టకముందే నాకెరుక. ముందుగాల పోయి ఆ గదిల ఫ్యాను బందు చెయ్యి" అన్నాను. (మనిషి లేని గదిలో తిరిగే ఫ్యానును నేను క్షమించను.)

నేను చదివింది మూడో తరగతి. ఇంత రాజకీయం ఎక్కడ నేర్చానంటే, మా ఊరి బడి గోడ మీద. ఇప్పుడు మేడలున్న చోటంతా అప్పుడు బండరాళ్ళూ సీతాఫలం పొదలే. ఒక ఎండాకాలం, పొద్దు వాలగానే పట్నం నుంచి ఒక వ్యాను వచ్చింది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టి అమెరికా బొమ్మ వేశారు. మైకు పట్టుకున్న ఒక అబ్బాయి అందులో జరిగేదంతా తెలుగులో చెప్పాడు. అక్కడ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో పెద్దలు మాత్రమే తేల్చరట, మామూలు జనం కూడా ముందుగా ఓటు వేసి ఎంచుతారట. రైతులదొక గుంపు, పంతుళ్ళదొక గుంపు, పిల్లల తల్లులదొక గుంపు. ఎవరికి కావలసింది వాళ్ళు అడుగుతారు. ఉత్తరాలు రాస్తారు. చట్టాలు చేసే మేడ వసారాలో కాచుకుని కూర్చుని, బయటికి వచ్చిన ప్రతినిధిని పట్టుకుంటారు. కలిగిన గుంపులైతే ఆ కూర్చోవడానికి జీతమిచ్చి మనుషులను పెడతాయట.

"కూసునుటానికి జీతమా?" అంది మా అత్త అందరికీ వినబడేలా. "గట్లయితే మీ మామకు ఈపాటికి మిద్దె కట్టియ్యాలె గదా!" గాడిద గుర్తు కనబడినప్పుడైతే ఆమెను ఆపడం ఎవరివల్లా కాలేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. తెర మీద ఇద్దరు ఆడవాళ్ళు చేతిలో కాగితంతో ఇంటింటికీ పోయి గంట నొక్కుతున్నారు. తలుపు తీసినవాళ్ళతో తగ్గకుండా మాట్లాడుతున్నారు. "ఒక్కరు అడిగితే బతిమాలినట్టు, నలభై మంది అడిగితే ఓట్లు కదిలినట్టు" అన్నాడు మైకు అబ్బాయి. పక్కనే కూర్చున్న మా ఆడపడుచు నా మోచేయి గిల్లింది. "వదినె, ఇన్నవా?"

ఆ గిల్లుడుకు కారణముంది. ఆ పిల్ల అప్పుడే ఏడో తరగతి పాసైంది. మా ఊరి బడి అక్కడితో సరి. పెద్ద బడి శేరిలింగంపల్లిలో, నాలుగు మైళ్ళ బండల దారి. "బస్సొస్తె బడికి పంపుత. రాకుంటె మంచి సంబంధం చూసి లగ్గం జేస్త" అని మా అత్త తేల్చి చెప్పింది. ఆమె మాట రాయి మీద గీత. నా మూడో తరగతి కూడా, మా అమ్మ నోట, అట్లాంటి ఒక గీత దగ్గరే ఆగిపోయింది. ఈ పిల్లది ఆగకూడదని నాకు ఎంత పట్టుదల ఉండేదో దానికి కూడా తెలియదు.

మర్నాడే ఇద్దరం గుంపు కట్టడానికి బయల్దేరాం. "వదినె, మనోళ్ళ తలుపులకు గంటలు లేవు గదా" అంది. "గంటలెందుకే? కుంకుమ బరిణె ఉన్నది" అన్నాను. మా దగ్గర ఆడవాళ్ళను ఇంటికి పిలవాలంటే గడప గడపకూ పోయి బొట్టు పెట్టి చెప్పాలి. బొట్టు పెట్టించుకుని రాకపోతే తప్పు. దీనిముందు అమెరికా గంట ఎంత? రెండు రోజుల్లో నలభై ఇళ్ళు తిరిగి, "శుక్రవారం పొద్దున మా ఇంటికి రావాలె" అని చెప్పివచ్చాం. ఎందుకు రావాలో మాత్రం చెప్పలేదు. ముందే చెబితే మగవాళ్ళ చెవిన పడుతుందని నా తెలివి.

శుక్రవారం వచ్చింది. నలభై మందీ వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, చేతిలో తలా ఒక జాకెట్టు ముక్కతో! అందరి చూపూ నా పొట్ట మీదే. "ఎన్నో నెలనే?" అని ఒకామె, "చెప్పకపోతివేందే?" అని ఇంకొకామె. బొట్టు పెట్టి పిలిస్తే కార్యమనే అనుకుంటారు, వాళ్ళ తప్పేముంది? నేనైతే గుప్పెడు శనగలు కూడా ఉడకబెట్టలేదు. (ఉద్యమానికి శనగలెందుకని పొదుపు చేశాను.) మా అత్త నన్ను వంటింటిలోకి లాగి, "పిలిచి పస్తు పంపుతవా? ఇజ్జత్ తీస్తివి గదే!" అని పళ్ళు కొరికింది. బయటికి వచ్చి, బస్సు సంగతి, అందరం పోయి ఎమ్మెల్యేను అడగాలన్న సంగతి చెప్పాను. ఒక్కొక్కరే జాకెట్టు ముక్క అక్కడ పెట్టి, ఇంటికి పోను లేచారు.

అప్పుడు వచ్చింది మా వాడకట్టుకు పాలు పోసే పాలపెద్దమ్మ, చేతిలో ఖాళీ పాలచెంబుతో. ఆమె భర్త పోయి పదేళ్ళు. బొట్టు లేని ఆమె గడప దగ్గర మా బరిణె ఆగలేదు. ఆచారం కదా, నాకు తట్టనే లేదు. (ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.)

"నన్ను పిలువకపోతివేందే?"

"పెద్దమ్మా, బొట్టు..." అని నసిగాను.

"బొట్టు లేకుంటె ఓటు లేదా? సర్కారోళ్ళు సుత నా పేరు రాసుకున్నరు. నీకే యాదికి రాలె." ఇక నలభై మంది వైపు తిరిగింది. "పట్టుచీరలు కట్టినంక ఊకెనే ఇంటికి పోతరానే? నడువుండ్రి!"

నడిచాం. శేరిలింగంపల్లిలో ఎమ్మెల్యే ఇంటి ముందు మా పట్టుచీరల గుంపు ఆగేసరికి ఎండ నెత్తికెక్కింది. ఆయన పట్నం పోయాడట. ఆయన భార్య బయటికి వచ్చింది. దారంతా వల్లించుకున్న మాటలు ఒక్కటీ నోట రాలేదు. పసుపు రాసుకున్న ఆ ముఖం చూడగానే నా చెయ్యి దానంతటదే బరిణె మీదికి పోయింది. బొట్టు పెట్టి, "వచ్చే శుక్రవారం మా ఊరికి రావాలమ్మా" అన్నాను.

"వస్త గని, ఏం కార్యం?"

నేను బరిణె మూత పెట్టేలోపే పాలపెద్దమ్మ అందుకుంది. "కార్యం తర్వాత చెప్తం బిడ్డా. ముందుగాల మా ఊరికి ఎట్లొస్తవో చెప్పు."

"ఎట్లొచ్చుడేంది, బస్సుల..."

"గదే కార్యం."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కానీ బొట్టు పెట్టించుకుంది, రాక తప్పదు. ఆ శుక్రవారం వాళ్ళ జీపు బండల దగ్గర మొరాయిస్తే, చివరి మైలు చెప్పులు చేత పట్టుకుని నడిచి వచ్చింది. ఈసారి శనగలు ఉడకబెట్టాను. మొదటి శుక్రవారం మిగిలిపోయిన నలభై జాకెట్టు ముక్కలూ ఆమె ఒడిలోనే పోశాం. (దండుగ కాలేదు.) వారం తిరగకముందే దారి కొలవడానికి మనుషులొచ్చారు.

కొలిచి పోయారు. ఆ తర్వాత ఏడాదికి పైగా ఎవరూ రాలేదు. వసారాలో కాచుకుని కూర్చోవడానికి అమెరికావాళ్ళు ఎందుకు జీతమిస్తారో మా అత్తకు అప్పుడు అర్థమైంది. ఆడపడుచు రోజూ పొద్దున్నే ఊరి చివర బండ మీద కూర్చుని, చదివిన ఏడో తరగతి పుస్తకాలే అట్టలు ఊడేదాకా చదివేది. మా అత్త తన మాట మీద ఒక ఏడాది ఆగింది. రెండో ఏడు సంబంధం వచ్చింది. లగ్గమైన నెలకు బస్సు వచ్చింది.

ఊరంతా కలిసి కొబ్బరికాయ కొట్టాం. అందరికంటే ముందు ఎక్కింది మా ఆడపడుచే, అత్తగారింటికి పోవడానికి. ఆమె వెనకే, పెద్ద బడికని, పుస్తకాల సంచులతో నలుగురు ఆడపిల్లలు ఎక్కారు. వాళ్ళ సంచుల వైపు చూసి, కిటికీలోంచి నాకేసి తిరిగి నవ్వింది. "మన గుంపు గెలిచింది వదినె." బస్సు బండల మలుపు తిరిగేదాకా నేను చెయ్యి ఊపుతూనే ఉన్నాను. ఆ దుమ్ము వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది.

ఆ బండలను ఎప్పుడో పగలగొట్టేశారు. నేనిప్పుడు నల్లగండ్లలో ఐదో అంతస్తులో ఉంటున్నాను. పాలపెద్దమ్మలాగే నా నుదుటా బొట్టు లేదు. కిందటి ఎన్నికల్లో ఓటేసి వచ్చి కూర్చున్నానో లేదో, నల్గొండ నుంచి ఆడపడుచు ఫోను.

"వదినె, ఓటేసినవా?"

"వేసిన."

"బస్సుల పోయినవా?"

"నడిచే పోయిన. గింత దూరానికి బస్సు దండుగ."

అవతల చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా, వేలి మీద ఆరీ ఆరని సిరా చుక్కను చూసుకుంటూ నేను ఫోను పట్టుకునే ఉన్నాను.