కట్ట లోపలి దారి

ఆవిడను అందరూ కట్టక్క అనేవారు. రిజర్వాయరు మట్టికట్ట మీద కాపలా పని ఆవిడది. కాపలా మనుషుల కోసం కాదు, పందికొక్కుల కోసం. రోజూ కట్ట పొడవునా నడిచి, బొరియలు వెతికి, బంకమట్టి కూరి దిమ్మిసతో కొట్టేది. కొక్కులు నేల కింద పిల్లలకో గది, గింజలకో గది, పారిపోవడానికో దొంగదారి తవ్వుకుంటాయని ఆవిడకు తెలుసు. తెలిసినకొద్దీ భయం పెరిగింది. కట్ట కింది వరసలో మూడో ఇల్లు ఆవిడదే మరి.

ఒక ఏడు నాలుగు రోజులు తెరిపి లేకుండా వాన పడింది. అయిదో రోజు మధ్యాహ్నం ఇళ్ళవైపు వాలులో కొత్త బొరియ కనిపించింది. దాని రెండో నోరు ఎక్కడుందో తెలియడానికి పొగకుండ పెట్టి ఊదింది. ఆ దరిదాపుల్లో ఎక్కడా పొగ రాలేదు. కట్ట ఎక్కి చూస్తే అవతల నీళ్ళవైపు గడ్డిలోంచి సన్నగా లేస్తోంది. అంటే బొరియ కట్టను అడ్డంగా దాటేసింది. నీళ్ళు ఆ కన్నానికి జానెడు కిందే ఉన్నాయి.

సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది.

“రేపు పొద్దున మనుషుల్ని పంపిస్తాలే. నీకెప్పుడూ భయమేగా,” అన్నాడాయన.

ఇంటికి పరుగెత్తి అత్తగారితో, “వరసంతా లేపుకుని దిబ్బ మీది బడికి వెళ్ళిపోండి అత్తయ్యా,” అంది.

“కొక్కుకు జడిసి ఇల్లొదిలామంటే నలుగురూ నవ్వరూ?”

“నవ్వనివ్వండి. బతికుంటేనే కదా నవ్వేది.”

ముసలావిడ కోడలి ముఖంలోకి ఒకసారి చూసింది. గొడుగు తీసుకుని పక్కింటి తలుపు తట్టింది.

ఆవిడ పిలిస్తే మరిది కట్ట మీదికి బంకమట్టి మోసుకొచ్చేసరికి నీళ్ళు కన్నానికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నాయి. కట్టక్క మోకాటి లోతు నీళ్ళలో దిగి, మట్టిముద్ద పట్టుకుని భుజం దాకా చెయ్యి దూర్చింది. లోపల ఏదో గుర్రుమంది. మరుక్షణం వేలు కొరికేసింది.

“చెయ్యి తీసెయ్ వదినా!”

“తీస్తే నీళ్ళు దూరతాయి. మట్టి అందించు.”

ఏడుస్తూనే ముద్ద మీద ముద్ద కూరింది. నీళ్ళు కన్నాన్ని దాటి పైకి లేచాయి.

“ఇళ్ళవైపు వాలు చూసిరా,” అంది.

మరిది అవతలికి దిగి కేకేశాడు. “కొక్కు పిల్లను కరుచుకుని పోయింది. వెనకే నీళ్ళు కారుతున్నాయి.”

“తేటగానా, బురదగానా?”

అతను దోసిట పట్టి చూసి చెప్పాడు.

“బురదగానే ఉన్నాయి వదినా.”

అంటే లోపల మట్టి కరుగుతోందన్నమాట. అయినా ఆవిడ పైకి రాలేదు. మరిది ఇసుక బస్తాలు దొర్లిస్తుంటే కన్నం నోటికి అదిమి, వాటి మీద తన బరువంతా వేసి నిలబడింది. పొద్దు వాలేవేళకు కారే నీళ్ళు తేటపడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.

మర్నాడు సూపర్‌వైజరు వచ్చి కట్టు కట్టిన చేతిని చూసి తల దించుకున్నాడు. వారం రోజులు అత్తగారే అన్నం కలిపి నోట్లో పెట్టింది.

కట్టక్క ఆ తర్వాత పదకొండేళ్ళు అదే పని చేసింది. కాపురం మాత్రం నెల తిరక్కుండా దిబ్బ మీదికి మార్చేసింది. పాత వరసలోవాళ్ళు కనిపించి కట్ట గట్టిగానే ఉందా అని అడిగితే ఉందనేది. ఎంత గట్టిగా అని అడిగితే మాత్రం మాట మార్చి వాళ్ళ పిల్లల చదువుల గురించి అడిగేది.