ఆళ్లగడ్డలో నేను చెరిపేసిన గీత

పదిహేనేళ్లుగా చీరల దుకాణాలకు, నగల కంపెనీలకు ఫొటోలు తీస్తున్నాను. మోడళ్ల బుగ్గల మీద మచ్చలు చెరిపీ చెరిపీ విసుగెత్తి, ఈమధ్య కదలని వస్తువుల మీద పడ్డాను. అవి పొట్ట లోపలికి పీల్చవు, టైమెంతయిందని అడగవు. కిందటి నెల ఆళ్లగడ్డలో శిల్పి నాగాచారిగారి షెడ్డులో, అమ్మవారి నల్లరాతి విగ్రహం చెయ్యి ఒక్కటే ఫొటో తీశాను. నేను పెట్టబోయే ఫొటోల ప్రదర్శనకు వేయించిన ప్రింట్లలో అదే మేటి. ఒక ప్రతి ఆయనకు ఇద్దామనే ఈ ప్రయాణం.

ఏడున్నరకు నంద్యాలలో రైలు దిగాను. ఫ్రేము అక్కడే కట్టించాను, ఆరువందల యాభై అయింది. ఫ్రేములు కట్టే మస్తాన్ భాయ్ ప్రింటును అటూ ఇటూ తిప్పి, "నిజం చెయ్యి గూడా ఇంత నున్నగా ఉండదు కదమ్మా!" అన్నాడు. నేను పొంగిపోయాను. చాగలమర్రి బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితే సరి, గంటకు పైగా పడుతుంది.

షెడ్డు చేరేసరికి పదకొండు. ఆయన ఎనిమిది నెలలు చెక్కిన ఆ విగ్రహం వరిగడ్డి చుట్టుకుని లారీ కోసం ఎదురుచూస్తోంది. నాలుగు రోజుల్లో గుడిలో ప్రతిష్ఠ. నాగాచారిగారు ఫొటో చూసి, "ఇది నా పనేనామ్మా!" అని మురిసిపోయారు. ఆ ఊపులో నా నోరు ఊరుకోలేదు.

"మణికట్టు దగ్గర వెంట్రుకంత గీత ఉండింది లెండి, చెరిపేశాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. "గీతా? యాడ?"

"దుమ్మేమో అనుకున్నా..."

"దుమ్మని నీకెవురు చెప్పినారు?"

ఫోనులో అసలు ఫొటో పెద్దది చేసి చూపించాను. ఆయన గడ్డితాళ్లు కోసేశారు. మణికట్టు మీద చెంబుడు నీళ్లు పోసి, ఆరేదాకా కదలకుండా నిలబడ్డారు. రాయంతా ఆరింది. సన్నటి గీత ఒక్కటి తడిగా మిగిలింది. పగులు! పగులున్న విగ్రహానికి పూజ చెయ్యరు. పక్కనుంచి వేసిన నా లైటుకు దొరికింది ఆయన కంటికి దొరకలేదు. దొరికినదాన్ని నేను పది సెకన్లలో తుడిచేశాను.

"నెల ముందర చెప్పింటే గుడివాళ్లకు అప్పుడే చెప్పి ఇంకో రాయి పట్టుకునేవాణ్ణి," అన్నారు.

సిగ్గు లేకుండా అడిగాను: "ఎవరికీ కనబడదు కదండీ, పంపించేస్తే?"

"నీకు కనపడినాది కదమ్మా," అని ఆయన గుడివాళ్లకు ఫోన్ చేశారు. "ఈ బొమ్మ ఇయ్యలేనప్పా. ఇంకోటి చేసిస్తా. ప్రతిష్ఠ వెనక్కి జరుపుకోండి." అవతలి కేకలు నాకూ వినిపించాయి. ఆయన మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం మూడింటి బస్సులో నంద్యాలకు తిరిగొస్తూ పదిహేనేళ్లలో ఎన్ని చెరిపానో లెక్కపెట్టబోయి మానేశాను. ఏది దుమ్మో, ఏది పగులో ఒక్కసారైనా ఎవరినీ అడిగిన గుర్తు లేదు. ఆళ్లగడ్డ షెడ్లలో ఫొటోలు తీసేవాళ్లకు ఒకటే చెబుతాను: ఏమీ దిద్దకుండా, అక్కడికక్కడే పెద్దవి చేసి శిల్పికి చూపించి బయల్దేరండి. ఫ్రేము మళ్లీ నా ఒళ్లోనే ఉంది. వచ్చేటప్పుడు ఆయనే చేతిలో పెట్టారు: "గీత పెట్టుకోని తీసుకురామ్మా. అప్పుడు గోడకు తగిలిస్తా."