మిరప మంటే అనుకున్నాం

మా సామ్రాజ్యం అత్త కళ్ళజోడు కోసం వెళ్ళినా సరే, డాక్టరు నోరు తెరవకముందే తనకు పెన్సిలిన్ పడదని చెప్పేది. పక్కనున్నవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆ మాట వెనక ఎంత ఏడుపుందో వాళ్ళకేం తెలుసు?

యాభై ఆరులో, ప్రత్తిపాడులో, మా చలమయ్య మామయ్య కాల్లో పత్తిమోడు గుచ్చుకుంది. కాంపౌండరు ప్రేమదాసు గారు పెన్సిలిన్ సూది వేశారు. నడవలేక మామయ్య కల్లంలో కూర్చుని ఎండుమిరపలో తాలుకాయలు ఏరాడు. మర్నాటికి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ రోజుల్లో మంటా దురదా లేని ఒళ్ళు మా ఊళ్ళో ఎవరిదని? మిరప మంటేలే అని అత్త కొబ్బరినూనె రాసింది. మూడోనాటికి తగ్గింది. అందరం మర్చిపోయాం.

రెండేళ్ళకు మామయ్యకు నిమ్ము చేసింది. ప్రేమదాసు గారు సూది చేతబట్టుకుని, ఇదివరకు వేసినప్పుడు ఏమైనా తేడా చేసిందా అని అడిగారు. ఏమీ చెయ్యలేదండీ అంది అత్త. సూది తీసిన కాసేపటికే మామయ్య మొహం ఉబ్బి, ఊపిరాడక, అత్త ఒళ్ళోనే పోయాడు.

ఊరు ఊరుకుంటుందా? ప్రేమదాసే చంపాడంటూ ఇంటిమీద పడింది. అత్త కూడా ఆయన్ని నోరారా తిట్టింది. ఆయన పెళ్ళాం పిల్లలతో సింగరాయకొండ వెళ్ళిపోయారు.

అరవై మూడు ఆషాఢంలో అత్తకు చంకలో గడ్డ లేచింది. గుంటూరులో డాక్టరమ్మ పెన్సిలిన్ వేయించింది. సాయంత్రానికి దద్దుర్లు. ఆషాఢంలో మిరపకాయలెక్కడివి? ఆ మందు నీకు పడదు, మళ్ళీ వేస్తే ప్రాణమే పోవచ్చు, ఎక్కడికెళ్ళినా ముందు ఈ మాటే చెప్పు అంది డాక్టరమ్మ. అత్త తన చేతుల వంకే చూసుకుంటూ ఉండిపోయింది. మామయ్య ఒంటిమీద తను నూనె రాసిన దద్దుర్లు అవే.

వారం తిరక్కుండా నన్ను వెంటబెట్టుకుని సింగరాయకొండ వెళ్ళింది. ప్రేమదాసు గారు సూది పట్టడం మానేసి కిళ్ళీకొట్టు పెట్టుకున్నారు. అత్త అప్పటి దద్దుర్ల సంగతంతా చెప్పింది.

"మీ తప్పేం లేదండీ. మీరు అడిగారు. చెప్పనిది నేను."

ఆయన చేతిలోని తమలపాకు పక్కన పెట్టారు.

"దద్దుర్లొచ్చాయా అని విడమరిచి అడిగుంటే చెప్పేదానివే గదమ్మా. నేనే సరిగ్గా అడగలేదు."

అయ్యో, మమ్మల్ని తిట్టిపోసినా బాగుండేది. అత్త ఆ కొట్టు ముందే కూలబడి, మామయ్య పోయిననాటి కంటే ఎక్కువ ఏడ్చింది.