ప్రూఫులో లేని వాక్యం

మధ్యాహ్నం మూడూ పదికి తెనాలి ప్రెస్సు నుంచి ప్రూఫు వచ్చింది. చనిపోయిన నా భార్య కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు అయ్యగారు చదవాల్సిన ఆమె జీవిత చరిత్ర అది. నేను రాసినదాన్ని బాపట్లలో ఉండే మా అన్నయ్య సరిచూసి ప్రెస్సుకి పంపాడు. ఇంటి విషయాలు పరాయిచోటికి పోవడం ఇష్టం లేక, ఫైళ్లు మన కంప్యూటర్ దాటకుండానే తేడాలు చూపించే వెబ్ పేజీలో నేను రాసిందీ ప్రూఫూ రెండూ పెట్టి చూశాను.

కామాలు మారాయి. ఒక వాక్యం మాత్రం పూర్తిగా ఎర్రబడి ఉంది: "రేపల్లెలో షేక్ కరీమున్నీసా గారి ఏకైక కుమార్తెగా జన్మించింది." ప్రూఫులో అది లేదు. కన్నతల్లి ముందు వరసలో కూర్చుని వినాల్సిన చరిత్రలో ఆ తల్లే లేదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "అత్తమ్మ పేరు తీయడానికి నువ్వెవరు?"

"నేను కాదురా. ఆవిడే ఫోన్ చేసి బతిమాలింది. 'చర్చిలో మా పేరు వినబడితే అల్లుడికి మాటొస్తుంది, తీసెయ్ బాబూ' అంది."

అత్తమ్మ పక్కగదిలోనే ఉంది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"పిల్లే పోయింది, ఇంక నా పేరెందుకు నాయనా?" అంది.

"మీ పేరు లేకపోతే కూడికే వద్దండి," అన్నాను.

కూడికలో అయ్యగారు ఆ వాక్యం చదివారు. ఇప్పుడు చర్చి సంఘంవాళ్లు మా ఇంటికొస్తే అత్తమ్మ మునుపటిలా లేచి వంటగదిలోకి వెళ్లిపోవడం లేదు.