పందిరి బొంగుల్లో తుమ్మెదలు

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటావార్పు జరిగిన రోజు మా ఆయన ఇంటి నుంచి కట్టెలు మోసుకెళ్ళారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తిని తెలంగాణ అడగడం అప్పటి ఉద్యమ పద్ధతి. నేనూ కూర్చుని ఉల్లిగడ్డలు కోసిచ్చాను. ఆ పొయ్యిలో మండుతున్నవి నా నేతిబీర పందిరి బొంగులని ఇంటికొచ్చాక గానీ తెలియలేదు.

పుచ్చిపోయాయట. వాటి బదులు ఇనుప పైపులు పాతి, తీగను దారంతో కట్టి వెళ్ళారు. అది పుచ్చు కాదు, ఎండిన వెదురును తుమ్మెదలు తొలుచుకున్న బెజ్జాలు. నల్లగా, బొద్దుగా ఉండే ఆ తుమ్మెదలు వాటిలోనే పిల్లల్ని పెట్టుకునేవి. తెల్లవారగానే పూల మీద పడి, ఒంటినిండా పుప్పొడితో మగపువ్వు నుంచి ఆడపువ్వుకు తిరిగేవి. పెరట్లోని తేనెపట్టును కిందటేడే మా అద్దింటి ఓనరమ్మ పొగబెట్టించి తరిమేసింది. మిగిలిన ఈ తుమ్మెదలను మా ఆయన పిల్లాజెల్లాతో సహా పొయ్యిలో పెట్టేశారు.

పనిమంతుడు పందిరి వేస్తే కుక్కతోక తగిలి కూలిందంటారు. మా ఆయన పందిరి కూలలేదు, కాపే లేకుండా పోయింది. పూలకు కొదవలేదు, పిందెలు మాత్రం పసుపెక్కి రాలిపోయేవి. మాది నల్లగొండ పల్లె, ఓనరమ్మది కృష్ణా జిల్లా. రెండు ప్రాంతాల వాళ్ళకు ఏ మాటా కలవని ఆ రోజుల్లో, తప్పు తీగదేనని ఆవిడా మా ఆయనా ఒక్కటయ్యారు.

"గొడ్డు తీగండీ, పీకి పారేయండి," అందావిడ.

నాకు ఒళ్ళు మండింది. పూయడం తీగ పని, అది పూస్తూనే ఉందిగా! రోజూ పొద్దున్నే మగపువ్వు కోసి ఆడపువ్వులకు నేనే అద్దుతూ తిరిగాను. ఒకటి రెండు నిలిచాయి, అవీ వంకరకాయలే.

బంద్ వల్ల తుర్కయంజాల్ వైపు నుంచి కూరగాయలు రాని ఒక మధ్యాహ్నం, ఆయన కంచం ముందు కూర్చుని నేతిబీర తొక్కు ఎందుకు నూరలేదని అడిగారు.

"కాయలు యాడికెల్లి తేవాలె? మీరు రోడ్డు మీద పొయ్యిల పెట్టొచ్చిండ్రు గద, గవే కాయలు."

తుమ్మెదల కోసం ఉద్యమం ఆపమంటావా అని నవ్వారు. ఆపమని ఎవరన్నారు? అడిగి ఉంటే విరిగిన మంచం ఉంది, అదిచ్చేదాన్ని.

"మనల్నడగకుండ మన నీళ్ళు మలుపుకపోయిండ్రని రోడ్డెక్కితిరి. నా పందిరి పీకేటప్పుడు నన్నడిగిండ్రా?"

ఆయన నవ్వు ఆగింది. చారు పోసుకుని అన్నం ముగించారు. ఆ సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో ధర్నా ఉంటే ఇద్దరం వెళ్ళాం. గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. ఆయన పక్కన మాత్రం కూర్చోలేదు.