కాలి కింద దిగిపోయే పెడలు

కొండ మీద, దిగుడు దారి మొదట్లో షెడ్డు నడిపే ఆవిడను అందరూ బ్రేకులక్క అంటారు. ఊరికే పెట్టిన పేరు కాదు. ఇంజను పని చేయదు, రంగు వేయదు, కనీసం పంచరైనా అతకదు. బ్రేకులు తప్ప మరో పని ముట్టదు. అందులోనూ మాస్టర్ సిలిండరంటే ప్రాణం. ప్రాణం అనకూడదేమో. అది ఆవిడ పగ.

పదకొండేళ్ల కిందట ఆవిడ భర్త ఒక ఫ్యాక్టరీ బస్సు నడిపేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకరోజు అన్నం డబ్బా మరిచిపోతే ఈవిడే పరుగున తీసుకెళ్లింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆయన సూపర్‌వైజరును బతిమాలుకోవడం చెవిన పడింది.

"సార్, పెడలు మీద కాలు పెడితే మెల్లగా కిందికి దిగిపోతోంది. ఒక్కసారి చూపిస్తే..."

"నూనె తగ్గితే నేనే దగ్గరుండి పోయించా. నిండుగా ఉంది. అంతా బాగానే ఉంది, పో."

పోయాడు. దిగుడులో పెడలు నేలను తాకింది కానీ బస్సు ఆగలేదు. కింద మలుపులో కూరగాయల బజారు కిటకిటలాడుతోంది. ఆయన బస్సును రాతి గోడ వైపు తిప్పాడు. బజారు బతికింది, బస్సులో వాళ్లూ బతికారు. గోడకు కొట్టుకుంది ఆయన కూర్చున్న వైపు. సూపర్‌వైజరు కాగితం మీద రాసింది ఒకటే ముక్క, డ్రైవరు నిర్లక్ష్యం అని. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర. ఈ దొరగారు దొరకలేదు.

భర్త సామాను తెచ్చుకోవడానికి వెళ్లిన రోజున, అక్కడి ముసలి మేస్త్రి అటూ ఇటూ చూసి ఆవిడ చేతిలో ఒక రబ్బరు ముక్క పెట్టాడు. ఉబ్బి, మెత్తబడి, అంచులు వంకర్లు తిరిగి ఉంది.

"ఇదేంటి బాబాయ్?"

"మాస్టర్ సిలిండర్లో ఉండే రబ్బరు కప్పు తల్లీ. పెడలు తొక్కితే ఇది ముందుకి జరిగి నూనెని గొట్టాల్లోకి తోస్తుంది. నూనెని ఎంత నొక్కినా నలగదు కదా, ఆ బలమంతా చక్రాల దగ్గరికి పోయి పట్టేస్తుంది. బ్రేకు నూనె లేదని ఆ సూపర్‌వైజరు ఇంజనాయిలు పోయించాడు. అది తగిలి రబ్బరు ఇలా అయింది. తోసిన నూనె దీని పక్కనుంచి వెనక్కే జారిపోతుంది. బయట చుక్క కారదు, పైన డబ్బా నిండుగానే కనిపిస్తుంది."

"ఈ మాట నలుగురిలో చెప్తావా?"

మేస్త్రి తల దించుకున్నాడు. "పిల్లలు గలవాణ్ణి తల్లీ, చెప్పలేను. కావాలంటే పని నేర్పుతా."

నేర్చుకుంది. ఆ కప్పును గాజు సీసాలో వేసి పనిబల్ల మీద పెట్టుకుంది. రోజూ షెడ్డు తలుపు తీయగానే దాన్ని చూసి, "ఎప్పటికైనా వస్తావురా" అనుకుని పానా పట్టేది. ఏడుపు ఎప్పుడో ఆరిపోయింది. కోపాన్ని మాత్రం ఆవిడే ఆరనివ్వలేదు.

కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు ఒక మధ్యాహ్నం తెల్ల కారు వచ్చి ఆగింది. జుట్టు నెరిసింది, పొట్ట పెరిగింది, ఆ సూపర్‌వైజరు గొంతు మాత్రం అదే.

"ఏవమ్మా, పెడలు మెల్లగా దిగిపోతోంది. నూనె నిండుగానే ఉంది, ఎక్కడా కారట్లేదు. కొండ దిగి మా అమ్మాయి దగ్గరికి వెళ్లాలి, తొందరగా చూడు."

ఆయన ఆవిడను గుర్తుపట్టలేదు. మర్చిపోవడం తప్పు చేసినవాడికి ఎంత సుఖమో చూడండి!

సిలిండరు విప్పింది. లోపలి కప్పులు అంచులు అరిగిపోయి ఉన్నాయి. వాటినే కడిగి మళ్లీ పెట్టేస్తే? ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన ఆవిడను భయపెట్టలేదు, తియ్యగా ఉంది. అరిగిన కప్పును వేళ్ల మధ్య పట్టుకుని చాలాసేపు నిలబడింది. కానీ కింద మలుపులో బజారు ఇంకా అక్కడే ఉంది. భర్త ప్రాణం పెట్టి తప్పించిన జనం మీదికి వీణ్ణి తోలలేదు. పళ్లు నూరుకుంటూ కొత్త కప్పులు వేసింది.

ఇక గొట్టాల్లో గాలి తీయాలి. దానికి ఇద్దరు కావాలి, ఒకరు పెడలు తొక్కి పట్టుకుంటే ఇంకొకరు చక్రం దగ్గర మర వదులు చేయాలి.

"ఎక్కి కూర్చోండి సార్. తొక్కండి. అలాగే పట్టుకోండి."

మర తిప్పింది. ఆయన కాలి కింద పెడలు జర్రున నేలకు దిగింది.

"అమ్మో! ఇదేంటి, పూర్తిగా పోయింది!"

"కంగారు పడకండి, గాలి పోతోంది. మా ఆయనకీ ఇలాగే దిగింది. ఆ కింద, రాతి గోడ దగ్గర."

కారులోంచి సన్నగా గొంతు వచ్చింది. "ఇంజనాయిలు సంగతి నాకేం తెలుసు?"

ఆయిలు ఊసు ఆవిడ ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే.

"తొక్కండి సార్. ఇంకా మూడు చక్రాలున్నాయి."

మూడు చక్రాలకూ తొక్కించింది. ప్రతిసారీ పెడలు దిగింది, ప్రతిసారీ ఆయన స్టీరింగును గట్టిగా పట్టుకున్నాడు. పని అయ్యాక గాజు సీసా తెచ్చి స్టీరింగు ముందు పెట్టింది.

"బ్రేకులు... బాగుచేశావా అమ్మా?"

ఆవిడ గుడ్డతో చేతులు తుడుచుకుంది. "అంతా బాగానే ఉంది, పొండి."

"నిజం చెప్పు. నీకు దండం పెడతా."

"అంతా బాగానే ఉంది, పొండి."

ఆయన ఇంజను వేశాడు, దిగుడు వైపు చూశాడు, ఆపేశాడు. తాళం సీట్లోనే వదిలి, ఎర్రటి ఎండలో కొండ దారి పట్టి కాలినడకన దిగిపోయాడు. మళ్లీ రాలేదు.

కారు ఇప్పటికీ షెడ్డు ముందే ఉంది. రోజూ పొద్దున బ్రేకులక్క అందులో కూర్చుని పెడలు గట్టిగా తొక్కి పట్టుకుంటుంది. అది కాలి కింద వెంట్రుకవాసి కూడా దిగదు.